నలభై ఒక్క డిగ్రీల ఇంజన్

గురువారం ఉదయం పది గంటలకు, ఇంకా రాకపోకలు మొదలుకాని బైపాసు వంతెన కింద, రాళ్ల మీద ఒక మనిషి శవం దొరికింది. పక్కన ఖాళీ నీళ్ల డబ్బా ఉంది. పైన, వంతెన మీద అతని కారు బానెట్ ఎత్తి ఉంది. తాళం చెవి బండికే ఉంది. తిప్పితే డాష్‌బోర్డు మీద ఇంజన్ లైటు వెలిగింది.

పోలీసులు రాసుకున్నది ఇంతే: దారిలో బండి మొరాయించింది, వేడెక్కిందనుకుని నీళ్ల కోసం కిందికి దిగబోయాడు, కాలు జారింది. శవాన్ని పరీక్షించిన డాక్టరు, ప్రాణం ఆరుకూ ఏడుకూ మధ్య పోయిందని చెప్పాడు.

తరవాతి బుధవారం పదిన్నరకు పోయినవాడి అక్క అతని ఇంటి ముందు తన కారు ఆపింది. ఆమె డిటెక్టివ్. అంతకుముందు ఇన్సూరెన్సు కంపెనీల తరఫున ప్రమాదాల్లో నిజమేదో, నాటకమేదో తేల్చే పని చేసింది. పోలీసులు ఆమెకు పెట్టిన పేరు భూతద్దం. ఎదురుగా మాత్రం మేడమ్ అంటారు. ఊరి నుంచి తిరిగొచ్చిన దగ్గర్నుంచీ ఆమె కారులో డ్రైవరు సీటు ముందుకు జరగడం లేదు. సీటు అంచున కూర్చుని, కాళ్లు చాపి నడుపుకుంటూ వచ్చింది. బాగు చేయించే తీరిక దొరకలేదు. తమ్ముణ్ణి చంపినవాడెవడో ఆమె అప్పటికే తేల్చుకుంది. వాణ్ణి జైల్లో కూర్చోబెట్టడం ఒక్కటే మిగిలింది.

వాడు తమ్ముడి భార్యకు అన్న. మందుల షాపు నడుపుతాడు. సెలవు రోజుల్లో ఇంటి షెడ్డులోనే చుట్టుపక్కల వాళ్ల కార్ల కంప్యూటర్లు చూపే లోపాల కోడ్లు చదివి, చెడిన సెన్సర్లు మారుస్తాడు. వీధంతా మాస్టారు అంటుంది. కాంక్రీటు పరీక్షించే ల్యాబులో పనిచేసే తమ్ముడూ, మరదలూ కింది వాటాలో ఉండేవారు, అతను మేడ మీద ఉంటాడు. ఆ పెళ్లి అక్కకు ఇష్టం లేదు. పెళ్లయ్యాక ఆమె ఆ గడప తొక్కిందీ తక్కువే.

తమ్ముడు పోవడానికి ముందు రోజు సాయంత్రం షెడ్డులో అతనూ మాస్టారూ గొంతులు పెంచుకోవడం పక్కింటివాళ్లు విన్నారు. అప్పుడు అక్క వేరే ఊళ్లో పని మీద ఉంది. రాత్రి ఆమె ఫోనుకు తమ్ముడి గొంతుతో మెసేజ్ వచ్చింది. నిద్రలో ఉండి చూసుకోలేదు. మర్నాడు కబురు తెలిశాక విన్నది.

"అక్కా, బావ చేసిన పని నాకు దొరికిపోయింది. రేపు పొద్దున్నే వెళ్లి మొహం మీదే అడుగుతాను. నువ్వు మధ్యలోకి రావద్దు."

ఆ మాటల్ని ఆమె ఎన్నిసార్లు విన్నదో ఆమెకే తెలియదు.

*

ఇన్‌స్పెక్టర్ అప్పటికే షెడ్డులో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఒళ్లో ఫైలు ఉంది. మాస్టారు గోడవారగా స్టూలు మీద ఉన్నాడు. మరదలు ఇంట్లోకి వెళ్లే తలుపు పట్టుకుని నిలబడింది. మధ్యలో తమ్ముడి కారు. బానెట్ అంచు మీద పోలీసు కాగితపు సీలు, దాని మీద ఇన్‌స్పెక్టర్ సంతకం. శవం దొరికిన రోజే వేసిన సీలు అది. బండిని లారీ మీద ఎక్కించి స్టేషనుకు, అక్కణ్ణుంచి ముందురోజు ఇంటికి తెచ్చారు. మధ్యలో ఎవరూ నడపలేదు.

"పన్నెండింటికి ఫైలు మూసేస్తున్నా మేడమ్," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఈలోగా మీ సరదా తీర్చుకోండి."

"గంటన్నర చాలు."

"మీ వారు ఇంజనీరుగా ఉన్న సైట్లో జరిగిందని, ఆయన రోజూ ఫోన్ చేసి త్వరగా ముగించమని బతిమాలుతున్నారని ఇంత ఓపిక పడుతున్నా. లేకపోతే మీకూ నాకూ ఉన్న బాకీకి మిమ్మల్ని గేటు లోపలికి రానిచ్చేవాణ్ణి కాదు."

ఆ బాకీ ఇద్దరికీ తెలుసు. ఇన్‌స్పెక్టర్ ప్రమాదమని రాసిన ఒక కేసును ఆమె పెట్టుడు ప్రమాదమని నిరూపించింది. అతని ప్రమోషన్ అక్కడే ఆగిపోయింది.

"నా మీద కోపం నా మీదే చూపించండి. వాడి మీద కాదు," అందామె. "సీలు మీరే చించండి. మీ చేత్తోనే."

"ఎందుకో?"

"బండి ఇక్కడికొచ్చాక ఎవరో కెలికారని తర్వాత మీరు అనకుండా."

అతను నవ్వి లేచాడు. సీలును అటూ ఇటూ చూశాడు. చిరుగు లేదు. గోటితో లేపి చించి, బానెట్ ఎత్తి ఊతకడ్డీ నిలబెట్టాడు. ఆమె చేతిసంచీ నుంచి కోడ్ రీడర్ తీసింది. డ్రైవరు తలుపు తెరిచి, స్టీరింగ్ కింద తడిమి సాకెట్లో గుచ్చి, తాళం సగం తిప్పింది. ఇంజన్ స్టార్ట్ చేయలేదు. ఇంజన్ లైటు వెలిగింది.

మాస్టారు స్టూలు మీద ముందుకు జరిగాడు.

"అక్కడే కూర్చో," అందామె తల తిప్పకుండా.

"కూర్చునే ఉన్నానండీ."

రీడర్ తెర మీద రెండు వరసలు వచ్చాయి. ఆమె దాన్ని ఇన్‌స్పెక్టర్‌కు చూపించింది.

"రెండు కోడ్లు. మొదటిది ఇంజన్‌లోకి గాలి ఎంత పోతోందో కొలిచే సెన్సర్‌ది. రెండోది ఆ గాలి ఎంత వేడిగా ఉందో చెప్పేది."

"రెండూ పోయాయన్నమాట. నేను రాసిందీ అదేగా. బండి చెడింది."

"ఈ మోడల్లో రెండూ ఒకే ముక్కలో ఉంటాయి, రెంటికీ ఒకటే ప్లగ్గు. నా కారూ ఇదే మోడలు. సెన్సర్ చెడితే మామూలుగా ఒక కోడ్ పడుతుంది. రెండూ ఒక్కసారే పడ్డాయంటే చెడింది సెన్సర్ కాదు, ప్లగ్గు ఊడింది."

"గతుకుల్లో ఊడి ఉంటుంది."

"బానెట్ కింద చూడండి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా పక్కన, నల్లగొట్టం మీద. ఊడి ఉందా, పెట్టి ఉందా?"

అతను వంగి చూశాడు. వేలితో నొక్కి చూశాడు.

"పెట్టే ఉంది."

"ఊడిన ప్లగ్గు తనంతట తాను వెనక్కొచ్చి కూర్చోదు. పీకినవాడే మళ్లీ పెట్టాడు. సెన్సర్ చెడిందని మీరు రాసుకోవాలి కాబట్టి."

ఆమె టార్చి వెలిగించింది. ప్లగ్గు పై భాగంలో ఎర్ర ప్లాస్టిక్ లాకు సగమే ఉంది. మిగతా సగం విరిగి పోయింది. గోరంత ముక్క. బానెట్ కింద, ఇంజన్ అడుగు రేకు మీద, బ్యాటరీ చుట్టూ టార్చి తిప్పి వెతికింది. దొరకలేదు.

"మీ భూతద్దానికి గోరు కూడా కొండలా కనిపిస్తుంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"రాసుకోండి. ఎర్ర లాకు, సగం లేదు. సీలు చించిన పూటే చూశారని కూడా రాయండి."

అతను రాసుకున్నాడు. ఆమె చెప్పినందుకు కాదు, రాయకపోతే ఈమె ఎంతదూరం పోతుందో ఒకసారి చూశాడు కాబట్టి.

అప్పుడే ఆమె ఫోన్ మోగింది. భర్త.

"అయిపోయిందా?" అన్నాడు.

"ఇంకా చూస్తున్నాం."

"ఆ బండిని పట్టుకుని ఎందుకు వేలాడతావు? పోయినవాడు తిరిగొస్తాడా? సంతకం పెట్టేసి ఇంటికి వచ్చెయ్. నేనూ సెలవు పెట్టాను."

"వస్తాను," అని పెట్టేసింది.

*

కోడ్ పడిన క్షణంలో బండిలోని కంప్యూటర్ ఆ క్షణపు అంకెల్ని దాచుకుంటుంది. వేగం ఎంత, ఇంజన్ వేడి ఎంత, స్టార్టయి ఎంతసేపయింది. ఫొటో తీసి పెట్టుకున్నట్టు. మెకానిక్కులు దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. ఆమె ఆ పేజీ తెరిచి రీడర్‌ను ఇన్‌స్పెక్టర్ చేతికిచ్చింది.

"పైకి చదవండి."

"వేగం, సున్నా." అతను కళ్లు చికిలించాడు. "లోపలికి వచ్చే గాలి వేడి, మైనస్ నలభై. ఇదేంటి, ఆ రోజు వంతెన మీద మంచు కురిసిందా?"

"ప్లగ్గు లేకపోతే కంప్యూటర్‌కు ఏమీ అందదు. అందనప్పుడు అలా చూపిస్తుంది. పీకారనడానికి అదింకో సాక్ష్యం. తర్వాతది చదవండి."

"ఇంజన్ నీళ్ల వేడి, నలభై ఒకటి."

"నడిచే ఇంజన్ ఎంత ఉంటుంది?"

స్టూలు మీద నుంచి మాస్టారు, "తొంభై," అన్నాడు.

"నిన్నడగలేదు," అందామె. ఇన్‌స్పెక్టర్ వైపే చూస్తూ అడిగింది. "వాడు ఇక్కణ్ణుంచి ఎన్నింటికి బయల్దేరాడు?"

"ఐదున్నరకి," అంది మరదలు తలుపు దగ్గర నుంచి. "నేనే గేటు తీశాను వదినా."

"వంతెనకి నలభై నిమిషాలు. ఆరూ పదికి చేరి ఉంటాడు. ఇంజన్ తొంభై మీద ఉండాలి. మరి ఈ నలభై ఒకటి ఎక్కడిది? పైగా నలభై ఒక్క డిగ్రీల ఇంజన్‌కి నీళ్లెందుకు ఇన్‌స్పెక్టర్‌గారూ? ఆ డబ్బా ఎందుకు?"

"రీడర్ తప్పు చూపిస్తోందేమో."

"చివరి వరస చదవండి."

"ఇంజన్ స్టార్టయి," అతను ఆగాడు, "తొంభై నాలుగు సెకన్లు."

"అంటే బండి వంతెన మీద ఆగింది. చల్లారింది. తొంభై నుంచి అంత కిందికి రావాలంటే ఆ ఎండపూట రెండున్నర గంటలైనా పడుతుంది. క్లెయిములు చూసే రోజుల్లో ఇవి లెక్కలేనన్ని చూశాను. చల్లారాక ఎవరో వచ్చి, సీట్లో కూర్చుని స్టార్ట్ చేసి, దిగి బానెట్ ఎత్తి, నడుస్తున్న ఇంజన్‌లో ప్లగ్గు పీకారు. అప్పటికి టైము ఎనిమిదిన్నర దాటి ఉండాలి. డాక్టరు ఏమన్నాడు?"

ఇన్‌స్పెక్టర్ ఫైలు తిరగేయలేదు. అతనికి గుర్తే.

"ఆరూ ఏడు మధ్య."

"ఏడింటికి పోయినవాడు ఎనిమిదిన్నరకి బండి స్టార్ట్ చెయ్యలేడు."

మరదలు తలుపు వదిలేసి గడప మీద కూర్చుండిపోయింది. ఇన్‌స్పెక్టర్ రీడర్‌ను బానెట్ అంచున పెట్టి, కుర్చీలోకి వెళ్లి, కొత్త కాగితం తీశాడు. ఆమెకు అతనితో పని అయిపోయింది. మాస్టారు ఎదురుగా వెళ్లి నిలబడింది.

*

"ఇప్పుడు నువ్వు."

"అడగండి," అన్నాడు మాస్టారు. అతని చూపు రీడర్ మీదే ఉంది.

"ఈ వీధిలో ప్లగ్గు పీకి లైటు వెలిగించడం తెలిసినవాడు ఎవడు?"

"నేను."

"ముందు రోజు సాయంత్రం వాడితో అరుచుకున్నదెవరు?"

"నేనే."

"నేను వారం నుంచి ఒకటే అనుకుంటున్నాను. నిన్ను బోనులో నిలబెట్టి, జడ్జి శిక్ష చదువుతుంటే నీ మొహం చూడాలి. మొదటి వరసలో కూర్చుని చూడాలి. ఇవాళ ఆ అంకెలు వచ్చాయి. ఇంకేమైనా చెప్పుకుంటావా?"

మాస్టారు లేచాడు. ఈసారి ఆమె కూర్చోమనలేదు.

"ఆ లాకు చూడనిస్తారా? ముట్టుకోను."

ఆమె పక్కకు జరిగింది. అతను వీపు వెనక చేతులు కట్టుకుని వంగి చూశాడు.

"ముందు ఎర్రదాన్ని వెనక్కి లాగాలండీ. తర్వాత నొక్కితే ప్లగ్గు వస్తుంది. ఇక్కడ లాగకుండానే ఊడబెరికారు. నేను ఎన్నోసార్లు చేసిన పని. నేను విరగ్గొడతానా?"

"కావాలనే విరిచి ఉంటావు. తెలియనివాడి పని అనిపించాలని."

"సరే. మరి ఆ నలభై ఒకటి? ఆ సున్నా? అవి అందులో నిలిచిపోతాయని నాకు తెలుసు. నేనే ఈ పని చెయ్యాలనుకుంటే ఇంజన్ తొంభైకి వచ్చేదాకా ఆగి, బండి కదులుతుండగా కోడ్ పడేట్టు చూస్తాను. ఇది లైటు వెలుగుతుందని తెలిసి, ఫొటో పడుతుందని తెలియనివాడి పని."

ఆమె మళ్లీ లాకు వైపు చూసింది. క్లెయిములు చూసే రోజుల్లోనైతే ఈ మాట తానే ముందు అని ఉండేది. ఆ సంగతి ఆమెకు తెలిసింది.

"ఎందుకు అరుచుకున్నారు?" అని అడిగింది.

"వెళ్లొద్దన్నాను. వంతెన కాంక్రీటు దిమ్మలు వాడి ల్యాబులో పరీక్షకు నిలబడలేదటగా. నిలబడ్డట్టు సైటు నుంచి పైకి కాగితం వెళ్లిందట. పై అధికారులకి చెప్పు, ఒంటరిగా వెళ్లి నిలదీయకు అన్నాను. ఇంటి పరువు, ముందు ఆయన్నే అడగాలి అన్నాడు. కాలు జారిందంటే నేనూ నమ్మానండీ. ఇప్పుడు ఆ అంకెలు చదివేదాకా నమ్మాను."

"ఎవరి ఇంటి పరువు?"

మాస్టారు చెల్లెలి వైపు చూశాడు.

అక్క ఫోన్ తీసి తమ్ముడి మెసేజ్ పెట్టింది. షెడ్డులో తమ్ముడి గొంతు వినిపించింది. *అక్కా, బావ చేసిన పని నాకు దొరికిపోయింది.* మరదలు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మెసేజ్ అయిపోయింది.

"బావ అంటే నువ్వే," అందామె మాస్టారుతో. "పెళ్లాం అన్నని అలాగే అంటారు."

"ఎవరైనా అంటారేమో. మీ తమ్ముడు నన్ను ఏనాడూ అలా అనలేదండీ. పెళ్లికి ముందు నా దగ్గర కారు నడపడం నేర్చుకున్నాడు. అప్పుడు మాస్టారూ అన్నాడు. పెళ్లిపీటల మీదా మాస్టారే, తర్వాతా మాస్టారే. మీరిక్కడికి వస్తూపోతూ ఉంటే వినేవారు."

"మా అన్న ఉండేది మేడ మీద," అంది మరదలు. ఆమె గొంతు ఆమెకే వినపడనంత చిన్నగా ఉంది. "పొద్దున్నే *వెళ్లి* అడగడమేంటి వదినా? మెట్లెక్కితే చాలుగా. ఆయన బావా అని పిలిచేది లోకంలో ఒక్కరినే."

ఇన్‌స్పెక్టర్ పెన్ను ఆగింది.

ఆమె ఫోన్ దించి మాస్టారు వైపు తిరిగింది. తర్వాత అడిగిన ప్రశ్న వృత్తి అడిగించింది.

"ప్లగ్గు పీకితే లైటు వెలుగుతుందని నువ్వు ఎవరికైనా చూపించావా?"

"ఒక్కసారే," అన్నాడు మాస్టారు. "కిందటి నెల మీ కారుకి ఇంజన్ లైటు వెలిగిందని మీ వారు తీసుకొచ్చారు. షోరూముకి పోతే బాదేస్తారు, నువ్వే చూడు అన్నారు. దుమ్ము పట్టింది, తుడిచి పెట్టాను. అసలు ఈ లైటు ఎలా వెలుగుతుందయ్యా అని అడిగితే, లాకు ముందే తీసి ఉంచిన ప్లగ్గు పీకి చూపించాను. ఆయన చాలా సరదా పడ్డారు. నాకింకోసారి చూపించు అన్నారు."

కారును షోరూములో చూపించానని భర్త ఆమెతో చెప్పాడు.

"ఆ గురువారం మీ కారు ఎక్కడుంది మేడమ్?" ఇన్‌స్పెక్టర్ అడిగాడు. ఈసారి గొంతులో వెటకారం లేదు.

"నేను రైల్లో వెళ్లాను. కారు ఆయన దగ్గర ఉంది."

ఆ మాట అంటూనే ఆమె గేటు వైపు నడిచింది. ఇన్‌స్పెక్టర్ వెనకే వచ్చాడు. తన కారు డ్రైవరు తలుపు తీసి, రోడ్డు మీదే మోకాళ్లూని, సీటు కిందికి టార్చి వేసింది. పొడుగాటి మనిషి నడిపినప్పుడు సీటు వెనక్కి జరిగింది. ఆ తర్వాత ముందుకు రావడం మానేసింది. ఎడమ పట్టాలో, పళ్ల చక్రం దగ్గర, ఏదో ఇరుక్కుని ఉంది. వేలు పోలేదు. తల నుంచి పిన్ను తీసి గీకింది. రెండోసారికి ఊడి, మ్యాటు మీద పడింది.

ఎర్ర ప్లాస్టిక్. గోరంత.

ప్లగ్గు పీకినవాడి బట్టల మడతలో పడి వచ్చి ఉండాలి. ఆమె దాన్ని ముట్టుకోలేదు. "మీరు తీయండి," అంది.

ఇన్‌స్పెక్టర్ జేబురుమాలుతో తీశాడు. ఇద్దరూ షెడ్డులోకి వెళ్లారు. ఆమె టార్చి పట్టింది. అతను ముక్కను ప్లగ్గు మీది సగానికి ఆనించాడు. ఒకవైపు చిన్న కొక్కెంలా విరిగిన అంచు, రెండోవైపు దానికి సరిపడే గంటు. ఆనించిన చోట వెలుతురు దూరలేదు.

ఫోన్ మోగింది. ఆమె తెర వైపు చూసి, స్పీకరు నొక్కింది.

"సంతకం పెట్టేశావా?" అన్నాడు భర్త.

"పెట్టబోతున్నాను."

"హమ్మయ్య. అయితే ఫైలు మూసేసినట్టేనా?"

"మీరు ఇంట్లోనే ఉంటారుగా?"

"ఎక్కడికి పోతాను? నీ కోసమే చూస్తున్నాను."

"ఉండండి. వస్తున్నాను. ఒక్కదాన్నే కాదు."

అటునుంచి లైను తెగింది.

ఇన్‌స్పెక్టర్ ఫైలు తెరిచి, మొదటి పేజీలో 'ప్రమాదం' అన్న మాటను కొట్టేశాడు. కింద సాక్షి సంతకం కోసం ఫైలును ఆమె వైపు తిప్పాడు. ఆమె సంతకం పెట్టింది. అప్పటికి పన్నెండు కావడానికి ఎనిమిది నిమిషాలుంది.